కౌంటీ ఇచ్చిన సాయంత్రాలు

నాకు అనుమానం ఎక్కువ. చిన్నప్పుడు ఇంట్లో అందరూ నన్ను అనుమానపు పక్షి అనేవారు. కూరగాయలవాడు నవ్వుతూ కొసరు వేస్తే, తూకంలో ఎక్కడో కొట్టేశాడనే నా లెక్క. అమెరికా వచ్చాక ఆ జబ్బు తగ్గకపోగా ముదిరింది. ఇక్కడ ఫోన్ ఎత్తితే చాలు, నీ బ్యాంకు అకౌంట్ మూతపడిందని ఒకడు, నీకు బహుమతి తగిలిందని ఇంకొకడు. ఊరకరారు మహానుభావులు అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

అందుకే, ఏ షరతూ లేకుండా నెలనెలా మీకు కొంత డబ్బు ఇస్తాం అంటూ మా కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వం, నుంచి ఉత్తరం వస్తే, దాన్ని అడ్డంగా చింపి చెత్తబుట్టలో పడేశాను. హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి అది చూసి కెవ్వుమంది.

"అమ్మా! అది రియల్! నేనే అప్లై చేశాను నీ ఫోన్‌లో. స్కూల్లో కౌన్సెలర్ చెప్పింది. లాటరీలో నీ పేరు వచ్చింది!"

"టికెట్ కొనకుండా తగిలే లాటరీ ఎక్కడైనా ఉందిటే?"

"కౌంటీ వెబ్‌సైట్‌లో ఉంది. ఐ చెక్డ్."

"వెబ్‌సైట్ పెట్టడం ఎంతసేపు! మొన్న గిఫ్ట్ కార్డులు కొనమన్నవాడికీ ఉంది వెబ్‌సైట్."

"నువ్వు ఎవ్రీథింగ్ డౌట్ చేస్తావు," అని అది చెత్తబుట్టలోంచి ముక్కలు తీసి, టేపు పెట్టి అతికించింది.

మేము అప్పుడు ఒక డాక్టరుగారి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన కాంట్రాక్టు ఉద్యోగాలు చేసి చేసి, గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాదే గుండెపోటుతో పోయాడు. కార్డు మిగిలింది, మనిషి మిగల్లేదు. నాకు బీకాం డిగ్రీ ఉంది గానీ ఇక్కడ దాని గురించి అడిగిన నాథుడు లేడు. వంట వచ్చా అని మాత్రం అందరూ అడిగారు. ఆ రోజుల్లో ఈ డాక్టరుగారూ, ఆయన భార్యా నన్నూ పిల్లనీ తీసుకెళ్ళి తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఆయన రిటైరైన పెద్దమనిషి. మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆయన అంకుల్, ఆవిడ ఆంటీ. నాకూ అంతే.

గరాజ్ పక్కన ఒక గది ఇచ్చారు. అద్దె లేదు. పొద్దున్నపూట నేను వేరే ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళకి వారానికి సరిపడా కూరలూ పప్పులూ వండి డబ్బాల్లో సర్ది వచ్చేదాన్ని. ఆ డబ్బు నాది. సాయంత్రాలు మాత్రం ఈ ఇంటివి. వంట, వచ్చేపోయేవాళ్ళకి టీలు, టిఫిన్లు, వారాంతం పార్టీ అయితే పాతిక మందికి గారెలు. దీనికి జీతం అనే మాట ఎవరూ ఎత్తలేదు. "నువ్వు మా ఇంట్లో మనిషివమ్మా" అనేవారు ఆంటీ. ఇంట్లో మనిషికి జీతమేమిటి?

చెడ్డవాళ్ళు కారు, ఆ మాట చెప్పుకోవాలి. పిల్లకి జ్వరం వస్తే అంకుల్ స్వయంగా వచ్చి చూసేవారు. దీపావళికి ఆంటీ నాకు చీరా, దానికి షూసూ కొనేవారు. కానీ ఇల్లంతా తాలింపు వాసన పట్టేస్తుందని ఇక్కడ మనవాళ్ళు చాలామంది గరాజ్‌లో రెండో పొయ్యి పెట్టుకుంటారు. వీళ్ళూ పెట్టుకున్నారు. పొయ్యి గరాజ్‌లో, మా గది గరాజ్ పక్కన, కాబట్టి మా రాకపోకలన్నీ గరాజ్ తలుపులోంచే. వీధి తలుపు తాళంచెవి మాకు ఇవ్వం అని వాళ్ళు అనలేదు, ఇవ్వాలని వాళ్ళకి తోచనూ లేదు. మా అమ్మాయి తన స్నేహితుల్ని ఒక్కసారి కూడా ఇంటికి పిలవలేదు. వాళ్ళెవరైనా కారులో తెచ్చి దింపితే వీధి మొదట్లోనే దిగిపోయి నడుచుకుంటూ వచ్చేది. ఒక చిన్న అపార్ట్‌మెంట్, సాయంత్రాలు నా పిల్ల దగ్గర నేను ఉండటం, నాకు కావలసింది అంతే. అది కుదిరే దారి లేదు. అంకుల్ ఇంటి సాయంత్రాలు వదిలితే గది పోతుంది. బయట ఇల్లు తీసుకుంటే, దాని అద్దె కోసం సాయంత్రాలు ఇంకెక్కడో వండాలి.

ఆ కౌంటీ డబ్బు నిజమైతే దారి దొరుకుతుంది. నిజమైతే!

ఉత్తరం మీద ఉన్న నంబరుకి నేను ఫోన్ చెయ్యలేదు. దొంగ ఉత్తరం మీద దొంగ నంబరే కదా ఉంటుంది. మా అమ్మాయిని వెంటపెట్టుకుని నేరుగా కౌంటీ ఆఫీసుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ఆ పని చూసే ఆవిడది ఇంచుమించు నా వయసే. మెడలో రంగురంగుల పూసల దండ, ఎప్పుడూ నవ్వు ముఖం. ఆ నవ్వు చూడగానే నా అనుమానం రెట్టింపైంది.

డబ్బుతో ఏం చెయ్యాలి అని అడిగాను. మీ ఇష్టం అంది. తిరిగి కట్టాలా అన్నాను. అక్కర్లేదంది. నేను ఏదైనా క్లాసుకి రావాలా, ఎక్కడైనా పని చెయ్యాలా, ఏదైనా పార్టీకి ఓటెయ్యాలా అన్నాను. ఓటు హక్కు లేనిదాన్ని ఓటు గురించి అడిగితే ఆవిడకి నవ్వు ఆగలేదు. "మరి ఇందులో మీకేమిటి లాభం?" అని తిన్నగా అడిగేశాను. ఆవిడ కాస్త ఆలోచించి, మీరు బాగుంటే కౌంటీ బాగుంటుంది అంది. అలాంటి మాటలు ఎలక్షన్ల ముందు వింటాం గానీ, ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని ఎవరంటారు? కారులోకి వచ్చాక మా అమ్మాయితో, "ఇందులో ఏదో ఉందే" అన్నాను. అది తల పట్టుకుంది.

డబ్బు నిజమేనని తేలాక, గ్రీన్ కార్డు భయం పట్టుకుంది. ప్రభుత్వం డబ్బు ముట్టుకుంటే రేపు సిటిజన్‌షిప్ దగ్గర అడ్డు తగులుతుందని మనవాళ్ళలో ఎవరిని కదిపినా చెప్తారు. ఎవరినైనా అడగాలి. మనవాళ్ళలో అడగడానికి ఒక ఆచారం ఉంది. ఎవరూ సొంత కష్టం గురించి సొంతంగా అడగరు. 'మాకు తెలిసినవాళ్ళు' అని ఒకళ్ళుంటారు, లోకంలోని తలవంపులన్నీ వాళ్ళవే. ఉద్యోగాలు వాళ్ళకే పోతాయి, విడాకులు వాళ్ళకే అవుతాయి, వీసా చిక్కులన్నీ వాళ్ళకే. నేను వండిపెట్టే ఒక ఇంట్లో ఇల్లాలు, "మాకు తెలిసినవాళ్ళకి లేఆఫ్ అయిందండీ, పాపం వంటమనిషిని మానేద్దామా అనుకుంటున్నారు" అంది, పక్కగదిలోంచి పట్టపగలు వాళ్ళాయన దగ్గు వినిపిస్తుండగా. నేను "అయ్యో పాపం" అన్నాను. అలా అనడం కూడా ఆచారంలో భాగమే.

ఆ ఆచారం ప్రకారమే ఒక ఆదివారం పొద్దున అంకుల్‌కి పెసరట్టు వడ్డిస్తూ కదిపాను.

"అంకుల్, మాకు తెలిసినవాళ్ళు ఒకరున్నారు. వాళ్ళకి కౌంటీ నుంచి ఏదో డబ్బు వస్తుందిట, ఊరికే, నెలనెలా. తీసుకుంటే గ్రీన్ కార్డ్‌కి ఏమైనా ప్రాబ్లమ్ అవుతుందా అని అడుగుతున్నారండీ."

"ఎక్కడుంటారు?"

"షాంటిలీ వైపండీ," అన్నాను. నోటికి ఆ ఊరే వచ్చింది.

"కార్డ్ చేతికొచ్చేసిందా?"

"వచ్చిందండీ."

"అయితే లీగల్‌గా ఏం ఉండకపోవచ్చు. ఎందుకైనా మంచిది, ఒక లాయర్‌ని కనుక్కోమను." అట్టు తుంచుకుని అల్లం పచ్చడిలో అద్దుకుంటూ, "కానీ నన్నడిగితే వద్దనే అంటానమ్మా. ఊరికే వచ్చే డబ్బు మనిషిని పాడు చేస్తుంది. ఆ మాట కూడా చెప్పు వాళ్ళకి," అన్నారు.

"చెప్తానండీ."

ఆయన తలైనా ఎత్తలేదు. హమ్మయ్య, నమ్మేశారు అనుకుని ఇంకో అట్టు వేశాను.

లైబ్రరీలో ఉచితంగా సలహా ఇచ్చే లాయరమ్మాయి కూడా పరవాలేదంది. కౌంటీ డబ్బు పడే డెబిట్ కార్డు వచ్చింది. దాంతో మొదట ఇండియన్ స్టోర్లో ఒక కొత్తిమీర కట్ట కొన్నాను. కొని, పోలీసులెవరైనా వస్తారేమోనని పార్కింగ్‌లో కారులోనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ మర్నాడు ధైర్యం చేసి కందిపప్పు కొన్నాను. అలా కొత్తిమీరతో మొదలుపెట్టి చివరికి అపార్ట్‌మెంట్ దాకా వెళ్ళాను.

ఆంటీతో మాత్రం నిజం చెప్పలేదు. క్యాటరింగ్ ఆర్డర్లు పెరిగాయి, పిల్ల చదువుకి చోటు కావాలి, అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "సాయంత్రాలు మాకు ఎవరున్నారే?" అన్నారు. తర్వాత ఆవిడే సర్దుకుని ఒక కుక్కరూ, నాలుగు స్టీలు గిన్నెలూ చేతిలో పెట్టి, "నీ గది అలాగే ఉంచుతాను, ఎప్పుడైనా రావచ్చు" అన్నారు. శనివారం పొద్దున్న వచ్చి వారానికి వండిపెడతానని మాటిచ్చాను. దానికీ డబ్బు ప్రసక్తి రాలేదు. పోనీలే, అన్నేళ్ళు నీడనిచ్చారు అనుకున్నాను.

ఆ సాయంత్రాల గురించి ఏం చెప్పను! రెండో అంతస్తులో చిన్న ఇల్లు, కిటికీలోంచి చూస్తే పక్కింటివాళ్ళ ఏసీ మిషను తప్ప ఏమీ కనబడదు. అయినా మా అమ్మాయి తన తాళంచెవితో తన తలుపు తీసుకుని, బ్యాగు విసిరేసి, "అమ్మా, ఏముంది తినడానికి?" అని అరిచేది. డాక్టరుగారి ఇంట్లో అది ఎప్పుడూ గొంతు పెంచలేదు. నేను కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటే, అది సోఫాలో బోర్లా పడుకుని స్కూలు కబుర్లు చెప్పేది. ఆ పిల్ల ఇంత మాట్లాడుతుందని నాకు తెలియనే తెలియదు. ఒకరోజు ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటపెట్టుకొచ్చింది. వాళ్ళు ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నారు. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

అయినా అనుమానం పోతుందా? ఇంత సుఖం మనకి అచ్చిరాదు, ఎవరో వచ్చి లాక్కుంటారు అని ప్రతి నెలా అనుకునేదాన్ని. లాక్కునేది ఆ పూసల దండ ఆవిడే అని నా గట్టి నమ్మకం.

ఒకరోజు ఆవిడే ఫోన్ చేసింది. గొంతులో నవ్వు లేదు. రాష్ట్రంలో ఒక బిల్లు పెట్టారుట. ఏ ఊరూ, ఏ కౌంటీ కూడా జనానికి ఇలా షరతుల్లేకుండా డబ్బు ఇవ్వకూడదుట. బిల్లు పాసైతే మాది ఆగిపోతుంది.

"ఆ డబ్బు రాష్ట్రం ఇస్తోందా?" అని అడిగాను.

లేదు, కౌంటీదే అంది.

"మరి కౌంటీ ఇస్తానంటే రాష్ట్రానికేమిటి నొప్పి?"

అదే మేమూ అడుగుతున్నాం అంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన దగ్గరే అనుకున్నాను, ఇక్కడా అంతే. తర్వాత అసలు మాట చెప్పింది. రాష్ట్ర రాజధానిలో, క్యాపిటల్‌లో, ఈ బిల్లు మీద హియరింగ్ పెడుతున్నారు. ఎవరైనా వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. ఈ డబ్బు వల్ల మీకు ఏం జరిగిందో వచ్చి చెప్తారా? రాలేకపోతే పేరు లేకుండా నాలుగు వాక్యాలు రాసివ్వండి, మేము చదువుతాం అంది.

ఆహా, ఇదీ సంగతి! ఇన్నాళ్ళూ ఊరికే ఇచ్చి, ఇప్పుడు నన్ను స్టేజీ ఎక్కించి బీదమనిషిని చూడండహో అని దండోరా వేస్తారన్నమాట. వీడియో తీస్తారు, అది మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతుంది. నాకు వీలుపడదని ఫోన్ పెట్టేశాను.

"ఎందుకు చెప్పవు?" అని మా అమ్మాయి దెబ్బలాటకి వచ్చింది. "నువ్వు చెప్పకపోతే వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోవడమే మంచిది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

"వాట్ డజ్ దట్ ఈవెన్ మీన్?"

"అంటే నోరు మూసుకోమని!"

అప్పటినుంచీ నాకు అందరూ అనుమానితులే. ఈ బిల్లు ఎవరి ఫిర్యాదు వల్ల వచ్చిందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. నా కార్డు కేసి వింతగా చూసే స్టోరు మేనేజరా? మెయిల్ బాక్సుల దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండే పక్కింటాయనా? కౌంటీ ఆవిడే, ఇవ్వలేక, రాష్ట్రం మీదకి నెట్టేస్తోందా? నాకు తోచని మనిషి లేడు, ఒక్కరు తప్ప.

ఆ శనివారం వండటానికి వెళ్తే, ఆంటీ కొంచెం పులిహోర కూడా కలపమన్నారు. "అంకుల్ ఏదో పని మీద క్యాపిటల్‌కి వెళ్తున్నారమ్మా, ఫ్రెండ్స్‌తో. బయట తిండి పడదు కదా ఆయనకి." పల్లీలు ఆయన పళ్ళకి గట్టిగా తగులుతాయని నానబెట్టిన శనగపప్పు ఎక్కువ వేసి, ఇంగువ ఘాటుగా పెట్టి కలిపాను. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కూడా వేశాను. క్యాపిటల్ అన్న మాట చెవిన పడ్డా, నా అనుమానపు బుర్రకి తట్టలేదంటే నమ్మండి. పెద్దవాళ్ళకి సవాలక్ష పనులుంటాయి అనుకున్నాను.

హియరింగ్ రోజు మా అమ్మాయి లాప్‌టాప్‌లో లైవ్ పెట్టింది. నేను వంటింటి గట్టు దగ్గర దొండకాయలు తరుగుతున్నాను. ఎవరెవరో వచ్చి మాట్లాడుతున్నారు. ఈ డబ్బుతో కారు బాగుచేయించుకుని ఉద్యోగానికి వెళ్తున్నానని ఒకతను చెప్పాడు. ఇది సోమరితనానికి బహుమానమని ఇంకొకాయన. ఇంతలో మా అమ్మాయి, "అమ్మా, తాతగారు!" అంది.

కత్తి పట్టుకునే వచ్చి చూశాను. అంకులే. నీలం కోటు, ఎర్ర టై. రిటైర్డ్ డాక్టర్‌నని పరిచయం చేసుకుని, ఇంగ్లీషులో చక్కగా, నెమ్మదిగా మాట్లాడారు. నేను ఈ దేశానికి ఖాళీ చేతులతో వచ్చాను, నాకెవరూ చెక్కులు పంపలేదు అన్నారు. అంతవరకూ మేము చాలాసార్లు విన్నదే, గారెలు వడ్డిస్తున్నప్పుడల్లా చెప్తారు. తర్వాత గొంతు తగ్గించి, నాకు జాలి లేక కాదు, మా కమ్యూనిటీలో నాకు తెలిసినావిడ ఒకరున్నారు, అన్నారు. భర్త పోయినా ఎంతో కష్టపడి, పొద్దున్నా సాయంత్రమూ పనిచేస్తూ పిల్లని పెంచుకుంటూ వచ్చింది. ఈ కౌంటీ డబ్బు రావడం మొదలవగానే సాయంత్రం పని మానేసింది. చెడ్డ మనిషి కాదు, చాలా మంచి మనిషి. ఊరికే వచ్చే డబ్బు మంచివాళ్ళని కూడా ఏం చేస్తుందో చూడండి. ఇదీ ఆయన చెప్పింది. కమిటీ అధ్యక్షుడు డాక్టర్‌గారికి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పాడు.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మా. దట్స్ యూ."

"ఛ, నోర్ముయ్. ఊళ్ళో మొగుడు పోయినదాన్ని నేనొక్కదాన్నేనా? ఎవరో ఆయనకి తెలిసినవాళ్ళు," అన్నాను.

అన్నాక ఆ మాట నా చెవిన నాకే పడింది. కత్తి గట్టు మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. తాడిని తన్నేవాడి తలదన్నేవాడుంటాడు అంటారే, అది ఇదే. లోకంలో అందరి తెలిసినవాళ్ళనీ నేను పట్టేస్తాను గానీ, నావాళ్ళని ఇంకెవరూ పట్టలేరనుకున్నాను. పెసరట్టు తుంచుకుంటూ ఆయన ఆ పొద్దునే పట్టేశారు.

శనివారం వెళ్ళాలా వద్దా అని చాలాసేపు కొట్టుకున్నాను. చివరికి వెళ్ళాను. ఆ రోజు గరాజ్ వైపు పోలేదు. వీధి తలుపు దగ్గర నిలబడి బెల్ కొట్టాను. ఆంటీ తలుపు తీసి, "అదేంటమ్మా, ఇటొచ్చావు? గరాజ్ తెరిచే ఉందిగా" అన్నారు. అంకుల్ డైనింగ్ టేబుల్ దగ్గర కాఫీ తాగుతున్నారు.

"అంకుల్, మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆయన దేని గురించని అడగలేదు. "నువ్వడిగిన రోజే తెలిసిందమ్మా. నలభై ఏళ్ళు ప్రాక్టీస్ చేశాను. పేషెంట్లందరూ వచ్చి మా ఫ్రెండ్‌కి ఒక ప్రాబ్లమ్ ఉంది డాక్టర్ అనే మొదలుపెట్టేవాళ్ళు." నవ్వబోయి, నా ముఖం చూసి మానేశారు. "నీ పేరు చెప్పానా? చెప్పలేదు. అబద్ధమేమైనా చెప్పానా?"

"లేదండీ. సాయంత్రం పని మానేసిన మాట నిజమే. కానీ ఏ పని మానేశానో మీరు చెప్పలేదు. మీ ఇంట్లో పని మానేశాను. జీతం లేని పని మానేశాను."

"జీతమేంటమ్మా!" అని ఆంటీ అడ్డొచ్చారు. "నిన్ను ఎప్పుడైనా పనిమనిషిలా చూశామా? ఇంట్లో మనిషిలా చూసుకున్నాం."

"ఇంట్లో మనుషులు గరాజ్‌లోంచి రారు ఆంటీ."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "అయ్యో, అదేం మాట? ఆ తలుపు నీకు దగ్గరని కదా..." అని ఆగిపోయారు. ఆవిడకి నిజంగానే అప్పటిదాకా తట్టలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది. నాకు జాలేసింది, అయినా కోపం చల్లారలేదు.

అంకుల్ మాత్రం చల్లగానే ఉన్నారు. "చూడమ్మా, నేను నమ్మింది నేను చెప్పాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా టాక్సులు తీసి పంచితే ఎలా? మనవాళ్ళని మనం చూసుకోవాలి. వాళ్ళిచ్చే డబ్బేదో నేనిస్తాను, సరేనా? నెలనెలా. గవర్నమెంట్ ఎందుకు మధ్యలో?"

"ఊరికే ఇస్తారా?"

"ఊరికే ఎందుకు? మళ్ళీ సాయంత్రాలు వస్తావుగా!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. "దాన్నే జీతం అంటారంకుల్," అన్నాను. "అన్నేళ్ళు మీ ఇంట్లో ఉన్నాను. మొదటిసారి ఇవాళ మీ నోట విన్నాను."

ఆయన కాఫీ కప్పు కిందపెట్టారు. ఆంటీ, ఏం చెయ్యాలో తోచక కాబోలు, "గది దులిపించానే. పిల్లకి బల్ల కూడా వేయించాను. ఇప్పుడు ఆ డబ్బు ఆగిపోతే మీకు కష్టమవుతుందని" అన్నారు. అప్పటికి బిల్లు ఇంకా పాసవ్వనే లేదు.

ఆ బల్ల సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. ప్రేమతో వేయించారా? నేను తిరిగి రావాలనే అంకుల్ అంత దూరం వెళ్ళి మాట్లాడి వచ్చారా? లేక ఆయన నిజంగా నమ్మే చెప్పారా? మా అమ్మాయి, "నో అమ్మా, తాతగారు రియల్లీ బిలీవ్స్ ఇట్" అంటుంది. నా అనుమానం మాత్రం ఎటూ తేలదు. నమ్మకంతోనే చేసి ఉంటే నాకు ఇంకా భయం. దురాశాపరుణ్ణి అయితే నిలదీయవచ్చు గానీ, మన మేలు కోరి మన నోటి దగ్గర కూడు తీసేవాణ్ణి ఏమని అడుగుతాం?

బిల్లు పాసైంది. గవర్నర్ సంతకం పెట్టాడు. ఒక నెల కార్డులో డబ్బు పడింది, తర్వాతి నెల పడలేదు. పూసల దండ ఆవిడ ఫోన్ చేసి సారీ చెప్పింది. నేను రాసివ్వని ఆ నాలుగు వాక్యాల గురించి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. వేరే రాష్ట్రంలో, బాతెల్‌లో ఉండే మా పిన్ని కూతురు, "మీ స్టేట్ వదిలేసి ఇక్కడికొచ్చెయ్యక్కా, ఇక్కడ ఇలాంటి గొడవ లేదు" అంటుంది. ఇక్కడ నేను వండిపెట్టే ఇళ్ళు అక్కడ ఎవరిస్తారు?

అంకుల్ వాళ్ళ గదికి మేము తిరిగి వెళ్ళలేదు. మా అమ్మాయి చేతిలోంచి తాళంచెవి తీసుకునే ధైర్యం నాకు లేదు. అపార్ట్‌మెంట్ ఉంచుకున్నాను. దాని అద్దె కోసం సాయంత్రాలు మూడిళ్ళు ఒప్పుకున్నాను. ఎవరింటి పొయ్యి దగ్గరో నిలబడి వంకాయలు వేయిస్తుంటే మా అమ్మాయి మెసేజ్ పెడుతుంది, తిన్నాను అని. ఏం తిన్నావని అడిగితే జవాబు రాదు. స్కూల్లో ఏం జరిగిందో ఇప్పుడు నాకు మళ్ళీ తెలియదు.

నేను మళ్ళీ సాయంత్రాలు పని చేస్తున్నానని అంకుల్‌కి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ సంగతి చెప్పడానికి మాత్రం ఆయన్ని ఎవరూ క్యాపిటల్‌కి పిలవలేదు.